కునుకయ్య ఇల్లు వెతికిన పద్ధతి

మా తమ్ముడు ఏ సంగతైనా సరే, అక్కడికక్కడ పడుకుని ఒక కునుకు తీయందే తేల్చడు. మాటవరసకి అనడం లేదు. మంచం కొనాలంటే కొట్లోనే ఆ మంచమెక్కి గుర్రు పెడతాడు. బల్ల కొనాలంటే బల్ల మీద పడుకుంటాడు. బీరువా కొనడానికి వెళ్ళినప్పుడు మాత్రం కొట్టువాడు వీణ్ణి దూరం నుంచే చూసి, బీరువాకి తాళం వేసి తాళంచెవి జేబులో దాచుకున్నాడు.

చేసే పని కూడా దానికి తగ్గదే దొరికింది. బజార్లో ఒక కొట్లో పరుపులు కుడతాడు. కుట్టిన ప్రతి పరుపు మీదా తను పడుకుని లేచాకే ఇస్తాడు. ఎవరైనా వచ్చి, "ఏవయ్యా, మా పరుపు అయిందా?" అని తట్టి లేపితే, "అయింది. ఇంకా పరీక్షలో ఉంది" అని అటు తిరిగి పడుకుంటాడు. ఊళ్ళో వాడి అసలు పేరు అడిగితే ఎవరూ చెప్పలేరు. కునుకయ్య అంటే మాత్రం ఇంటిదాకా తీసుకొచ్చి దిగబెడతారు.

పెళ్ళి మాటలకి పిల్ల ఇంటికి వెళ్ళినప్పుడు కూడా అంతే. కాబోయే మామగారు ఏం పని చేస్తావు, ఎంత వస్తుంది అని అడుగుతూనే ఉన్నాడు, వీడు కుర్చీలో పక్కకి ఒరిగిపోయాడు. నాకు తల తీసేసినట్టయింది. ఆ పిల్ల లోపలికి వెళ్ళి దిండు తెచ్చి, ఒక్క మాట అనకుండా వాడి తల కింద సర్ది వెళ్ళిపోయింది. బయటికొచ్చాక అడిగాను.

"పిల్ల ఎలా ఉందిరా?"

"మొహం చూడలేదక్కా. దిండు బాగా పెట్టింది. ఆ పిల్లే."

ఆ పిల్లే నా మరదలు.

అంతకుముందు ఇంకొకటి జరిగింది. నా మొగుడు పోయాక మా అత్తవారు నన్ను వాళ్ళింట్లోనే ఉంచుకున్నారు. మర్యాదకి ఉంచుకున్నారని బయటివాళ్ళు అనుకునేవారు. తెల్లారింది మొదలు వాళ్ళింటిల్లిపాదికీ వండి, తోమి, ఉతకడానికి ఉంచుకున్నారని నాకు తెలుసు. ఒకసారి మా తమ్ముడు నన్ను చూడ్డానికి వచ్చి, ముందుగదికి అడ్డంగా చాప పరుచుకుని ఒరిగాడు. ఇక లేవడే! వచ్చేవాళ్ళు వాణ్ణి దాటుకుని రావాలి, పోయేవాళ్ళు దాటుకుని పోవాలి. మామగారు పిలిస్తే లేవడు, అత్తగారు తిడితే లేవడు. నేను అన్నం పెడితే లేచి తిని మళ్ళీ పడుకునేవాడు. చివరికి మా అత్తగారు చేతులెత్తేసి, "నీ మాట తప్ప వినేలా లేడు. నీ పెట్టె సర్దుకుని, వీణ్ణి తీసుకుని వెళ్ళిపో తల్లీ" అంది. అలా వాణ్ణి నేను జాగ్రత్తగా ఇంటికి తీసుకొచ్చాను. అప్పట్నుంచీ వాడి దగ్గరే ఉన్నాను.

ఇక అసలు కథకి వస్తాను.

మా మరదలిది ఆసుపత్రి లాండ్రీలో పని. పెళ్ళి కాకముందు నుంచీ దుప్పట్లు ఉతికి, పిండి, మడతపెట్టిన చేతులు. అలాంటిదానికి వేరే నగరంలోని పెద్దాసుపత్రివాళ్ళు కబురు పెట్టారు. అక్కడి లాండ్రీ మొత్తానికి నువ్వే పెద్దవి, మొదటి తారీఖుకి చేరు, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటాం అని. ఆ రోజు దాని మొహం చూడాలి! ఉతికి ఆరేసిన తెల్ల దుప్పటిలా మెరిసిపోయింది.

మా తమ్ముడు, "అక్క వస్తే వెళదాం" అన్నాడు.

నేను, "రాను" అన్నాను.

ఎందుకు వస్తాను? మా వీధిలో నేను తగువు పడని మనిషి లేడు. పాలవాడితో నీళ్ళ గురించి, ఎదురింటి గడియారాల మేస్త్రితో వాడి రేడియో గురించి, పక్కింటి దర్జీ ఆవిడతో అన్నిటి గురించీ. కిందటేడు బాత్‌రూమ్‌లో కాస్త కాలు జారి పడితే, నా కేక విని ఆ దర్జీ ఆవిడే తలుపు గొళ్ళెం ఊడగొట్టి నన్ను లేపింది. గొళ్ళెం పాడుచేసినందుకు ఆవిణ్ణి కూడా కడిగేశాను. ఇన్నేళ్ళు కష్టపడి కూడగట్టుకున్న తగువులు వదులుకుని, కొత్త ఊళ్ళో మళ్ళీ మొదట్నుంచి ఎవరితో మొదలుపెట్టను?

మరదలు ఎదురు చెబితే బాగుండేది. చెప్పలేదు. "పోనీలే వదినా, మానేస్తాను" అంది. తగువుకి నిలబడని మనిషితో నేనేం చేయగలను? "సరే, ఒకసారి చూడ్డానికి వస్తాను. చూసి, బాలేదని చెప్పి వచ్చేస్తాను" అన్నాను.

ముగ్గురం రైలెక్కి వెళ్ళాం. మరదలు నేరుగా ఆసుపత్రికి పోయింది. సాయంత్రం లోపల అవునో కాదో చెప్పాలట. మేమిద్దరం ఇళ్ళ బ్రోకరు వెంట బయల్దేరాం. మనిషి శుభ్రంగా ఉన్నాడు. మాటే కాస్త ఎక్కువ.

మొదట ఒక వెడల్పాటి వీధికి తీసుకెళ్ళాడు. రెండు పక్కలా కత్తిరించిన మొక్కలు, ఎత్తయిన గేట్లు. ఇంట్లో నేల మీద మన మొహం మనకి కనిపిస్తుంది. "ప్రశాంతత చూశారా అమ్మగారూ! పక్కింట్లో ఎవరుంటారో కూడా తెలీదు" అన్నాడు బ్రోకరు.

మా తమ్ముడు లోపలికి తొంగి కూడా చూడలేదు. "మీరిద్దరూ ఆ మూలకి పోయి నిలబడండి. పక్కన మనుషులుంటే నాకు నిద్ర పట్టదు" అని, గేటు ముందు ఫుట్‌పాత్ మీద సంచీ తల కింద పెట్టుకుని పడుకున్నాడు.

బ్రోకరు కంగారు పడ్డాడు. "సార్‌కి ఒంట్లో బాలేదా అమ్మగారూ?"

"బానే ఉంది. ఇల్లు చూస్తున్నాడు."

"కళ్ళు మూసుకునా?"

"వాడంతే."

ఒక కారు వచ్చింది, హారన్ కొట్టింది, పక్కనుంచి తిప్పుకుని పోయింది. ఒకావిడ కుక్కని నడిపించుకుంటూ వచ్చింది. ఆ కుక్క ఆగి మా వాడి చెవి వాసన చూసి, చెయ్యి నాకి, అక్కడే కూలబడింది. ఆవిడ దాన్ని బరబరా లాక్కుని పోయింది. ఆ వీధిలో మా తమ్ముడి మంచీచెడ్డా అడిగింది ఆ కుక్క ఒక్కటే.

కాసేపటికి లేచి దులుపుకున్నాడు. "వద్దు."

"నిద్ర పట్టలేదా సార్?"

"ఎవరూ చెడగొట్టలేదు."

"మరి అది మంచిదే కదా సార్!"

"అందుకే వద్దు."

బ్రోకరు నావంక చూశాడు. నేను ఆకాశం వంక చూశాను.

రెండోది పెద్ద అపార్ట్‌మెంట్. లిఫ్ట్ ఉంది, నా మోకాళ్ళకి బాగుంటుందని బ్రోకరు తెగ చెప్పాడు. మా వాడు మమ్మల్ని మెట్ల మలుపు దగ్గరికి పంపేసి, సరిగ్గా ఆ లిఫ్ట్ ముందే వాలాడు. లిఫ్ట్ తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, మనుషులు దాటుకుని పోతున్నారు. ఒకాయన ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, "ఏం లేదు, ఎవరో పడున్నారు, నువ్వు చెప్పు" అంటూ కాలెత్తి దాటాడు. ఒకావిడ కిందికి వెళ్ళి వాచ్‌మన్‌తో చెప్పినట్టుంది. వాచ్‌మన్ పరుగున వచ్చాడు. హమ్మయ్య, ఒక్కడైనా వచ్చాడనుకున్నాను. చంకలోంచి పసుపు బోర్డు తీసి మా తమ్ముడి పక్కన నిలబెట్టి వెళ్ళిపోయాడు. 'నేల తడిగా ఉంది, జాగ్రత్త' అని ఉంది దాని మీద.

"వద్దు" అన్నాడు మా వాడు లేచి.

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఒరేయ్, అక్కడ నీ పెళ్ళాం సాయంత్రం లోపల జవాబు చెప్పాలి. నువ్విలా ఊరంతా పొర్లుతూ పోతే దాని ఉద్యోగం గంగలో కలుస్తుంది!"

"నువ్వు రానన్నావుగా అక్కా. నీకెందుకు తొందర?"

నేను బ్రోకరు మీద విరుచుకుపడ్డాను. "ఇంకో ఇల్లేదీ లేదా నీ దగ్గర?"

"ఇంకొకటుంది సార్, కానీ అది మీకు నచ్చదు" అంటూ బ్రోకరు ఆసుపత్రి వెనకున్న ఇరుకు సందులోకి తీసుకెళ్ళాడు. నచ్చదని నిజమే చెప్పాడు. ఒక పక్క సైకిల్ షాపు సుత్తి మోత. ఇంకో పక్క ఇస్త్రీ బండి, బొగ్గుల పొగ. ఆ బండి వెనక నాకంటే కాస్త చిన్నది, నా అంత నోరున్న ఆవిడ ఎవరినో తిట్టిపోస్తోంది. ఇల్లు కిందే, రెండు గదులు. నేనూ బ్రోకరూ లోపలికెళ్ళాం. మా వాడు బయట మెట్టు మీద అలవాటు ప్రకారం ఒరిగాడు.

వంటింట్లో కొళాయి తిప్పి, ధార సన్నగా ఉందని బ్రోకరుని ఇంకా రెండు మాటలైనా అన్లేదు, కిటికీ అవతల గావుకేక వినబడింది.

"ఏవయ్యోయ్! బతికున్నావా?"

చూద్దును కదా, ఇస్త్రీ ఆవిడ మా తమ్ముణ్ణి భుజాలు పట్టి ఊపేస్తోంది. వాడు కళ్ళు తెరవడే! ఆవిడ చెంబుడు నీళ్ళు మొహాన కొట్టింది. సైకిల్ షాపతను పరిగెత్తుకొచ్చి చొక్కా గుండీలు విప్పాడు. ఎవరో విసురుతున్నారు, ఎవరో అరికాళ్ళు రుద్దుతున్నారు. నేను బయటికి ఉరికాను.

"వదలండి! వాడికేం కాలేదు! నిద్రపోతున్నాడు!"

"మొదట అందరూ అలాగే అనుకుంటారు" అంది ఇస్త్రీ ఆవిడ. "నువ్వెవరు?"

"వాడి అక్కని!"

"అక్కవై ఉండి మనిషిని మెట్ల మీద పడేసి, లోపల కొళాయిలు తిప్పుకుంటున్నావా? తిప్పుకో, తిప్పుకో!"

జన్మలో మొదటిసారి తగువులో నేను వెనకబడ్డాను. ఈలోపు ఆవిడ ఇస్త్రీపెట్టె దింపేసి, నలుగురి చేత మా వాణ్ణి ఎత్తించి, బండి మీద మడతపెట్టిన బట్టల గుట్ట పైన పడుకోబెట్టింది. వెచ్చగా ఉందేమో, వాడి పెదాల మీద చిరునవ్వు కూడా వచ్చింది.

"అయ్యయ్యో, మూతి వంకర పోతోంది! తొయ్యండి!" అని అరిచింది ఆవిడ.

సైకిల్ షాపతను తోశాడు. నేను వెనక పరుగు. నాలుగడుగులు వేశానో లేదో ఆవిడ నా నడక చూసి, బండి ఆపి, "ఆ మోకాళ్ళతో పరుగేంటమ్మా, నీక్కూడా ఏదన్నా అయితే ఎవరు మోస్తారు? ఎక్కు!" అని చంకల కింద చేతులేసి ఎత్తి కూర్చోబెట్టింది. ఎవరి చొక్కాల మీద కూర్చున్నానో తెలీదు. ఒక చేత్తో తమ్ముణ్ణి, ఒక చేత్తో నా పరువునీ పట్టుకుని, ఆ నగరంలో నేను మొదటిసారి ఊరేగాను. బ్రోకరు మా వాడి చెప్పులు పట్టుకుని వెనకాల వస్తున్నాడు.

ఆసుపత్రి గేటు దగ్గర కాపలావాడు బండిని చూశాడు, బట్టల్ని చూశాడు. ఆ పైన ఉన్న మమ్మల్ని చూడలేదు. "బట్టలైతే లాండ్రీకి, అటు!" అని చెయ్యి చూపించాడు. బండి ఆ వేగంతోనే అటు తిరిగింది.

లాండ్రీ గుమ్మంలో పెద్ద నర్సు మా మరదలికి మిషన్లు చూపిస్తోంది. మరదలు తిరిగి చూసేసరికి, మడత బట్టల మీద మొగుడు, మొగుడి పక్కన ఆడబిడ్డ.

అది అరవలేదు, ఏడవలేదు. మొగుడి మొహంలోకి ఒక్క క్షణం చూసింది. పక్కనున్న దొంతరలోంచి దుప్పటి తీసి, నాలుగు మడతలు వేసి, వాడి తల కింద సర్దింది. వాడు కళ్ళు తెరిచాడు.

"ఇల్లు దొరికింది" అన్నాడు.

ఇస్త్రీ ఆవిడ నడుం మీద చేతులేసుకుంది. "నిద్రపోతున్నావా? ఇంతమందిమి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తోసుకొస్తే, నువ్వు నిద్రపోతున్నావా!"

"లేదమ్మా. పొద్దుట్నుంచీ కంటి మీద కునుకు లేదు. పడిపోయిన మనిషిని ఏ వీధివాళ్ళు లేపుతారో చూద్దామని పడుకున్నాను."

"ఎవర్రా పడిపోయేది?" అన్నాను నేను.

"కిందటేడు బాత్‌రూమ్‌లో పడింది నేనా? మేమిద్దరం తెల్లారగానే పనికి పోతాం. పగలంతా ఇంట్లో ఉండేదెవరు? అక్కడైతే దర్జీ ఆవిడ ఉంది. ఇక్కడ గొళ్ళెం ఊడగొట్టేవాళ్ళు ఎవరున్నారో చూడకుండా నిన్నెలా రమ్మంటాను?"

మరదలు దుప్పటి అంచు సరిచేస్తున్నట్టు తల వంచుకుంది. అందరూ నా వంకే చూస్తున్నారు. నేను ఇస్త్రీ ఆవిడ వైపు తిరిగాను.

"ఈ బండి రోజూ ఆ వంటింటి కిటికీ ముందే పెడతావా?"

"పెడతాను. ఏం?"

"పొగంతా లోపలికి వస్తుంది. అక్కడ పెట్టడానికి వీల్లేదు."

"నీకంటే ముందునుంచీ అక్కడే ఉంది. ఇంట్లో చేరనైనా చేరకుండా పెత్తనమా? ముందు వచ్చి చేరు, అప్పుడు చూద్దాం!"

"మొదటి తారీఖుకే వస్తాను! అప్పుడు చూద్దువు గాని!"

అన్నాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. మరదలు పెద్ద నర్సు వైపు తిరిగి, "చేరతానండీ" అంది.

బండి ఇప్పటికీ ఆ కిటికీ ముందే ఉంది. పొగ గురించి తగువు ఇంకా తేలలేదు. ఆవిడేమో మా తమ్ముడు నలిపిన చొక్కాల సంగతి ఎత్తుతుంది. నేను, మొహాన కొట్టిన నీళ్ళ సంగతి ఎత్తుతాను. పొద్దున నేను కిటికీ తలుపు తీయడం కాస్త ఆలస్యమైతే చాలు, ఇస్త్రీపెట్టెతో చువ్వల మీద కొడుతుంది. "బతికున్నావా?" అని అరుస్తుంది. "నిన్ను వదిలి ఎక్కడికి పోతాను!" అంటాను. అప్పుడు గాని పని మొదలుపెట్టదు.

మొన్న ఆదివారం పప్పులో రాళ్ళు ఏరుతూ కూర్చుంటే ఎందుకో మా అత్తవారి ముందుగది గుర్తొచ్చింది. అడ్డంగా పరిచిన ఆ చాప, ఎవరు లేపినా లేవని వాడి నిద్ర, సర్దుకోమన్న నా పెట్టె. ఆ రోజు వాణ్ణి నేను ఇంటికి తీసుకొచ్చానని ఇన్నేళ్ళుగా అందరికీ చెప్పుకుంటున్నాను. అప్పుడైనా నిజంగా నిద్రపోయాడా?

అడిగి తేల్చుకుందామని లేచి వెళ్ళాను. కొత్తగా కుట్టి ఇంటికి తెచ్చిన పరుపు మీద గుర్రు పెడుతున్నాడు. లేపబుద్ధి కాలేదు. తల పక్కకి జారి ఉంటే, దిండు కాస్త సర్ది వెనక్కి తిరిగాను.

"ఇంకొంచెం పైకక్కా" అన్నాడు, కళ్ళు తెరవకుండానే.