ఇన్‌స్టాల్‌లో రాయని మూడు వరుసలు

నా తెలివితక్కువతనం ముందే ఒప్పేసుకుంటాను. మీరు కనిపెట్టేదాకా ఆగితే ఉన్న పరువు కూడా మిగలదు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక చిన్న కంపెనీలో నేనొక లైబ్రరీ, అంటే వేరే ప్రోగ్రాంలు వాడుకునే కోడ్, రాశాను. ఒక్క కమాండు కొడితే అది తయారై సర్వర్‌లోకి చేరేది. దాన్ని మరొకరు వాడుకోవాలంటే మూడు హెడర్ ఫైళ్లు కావాలి. లైబ్రరీలో ఏమేం ఉన్నాయో చెప్పేవి అవే. వాటిని కూడా సర్వర్‌కు పంపమని ఇన్‌స్టాల్ జాబితాలో మూడు వరుసలు రాయాలి. రాయలేదు. పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, బస్సెక్కి, ఎల్బీనగర్‌లో ఉన్న మా రెండో ఆఫీసులో నేనే ఇచ్చి వచ్చేవాణ్ణి. అక్కడ చాయ్ ఇచ్చేవాళ్లు మరి. నేను ఇంజనీరు జీతం తీసుకునే కొరియర్‌ని.

తెలంగాణ ఉద్యమం రోజులు. గురువారం లైబ్రరీ మార్చి, హెడర్లు రేపు ఇద్దాంలే అనుకుని ఇంటికెళ్లాను. తెల్లారితే బందన్నారు. ఆ సాయంత్రంలోగా ఎల్బీనగర్ వాళ్లు కస్టమర్‌కు ప్రోగ్రాం అప్పజెప్పాలి. దగ్గర్లో ఉండే ఇద్దరు అక్కడికి నడిచొచ్చి కూర్చున్నారు. మార్చిన లైబ్రరీకి పాత హెడర్లు పనికిరావు. కొత్త హెడర్లేమో నా కంప్యూటర్లో, కంప్యూటరేమో తాళం వేసిన మా ఆఫీసులో. నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు.

మీర్‌పేట్‌లో ఇంటి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాను. చౌరస్తాలో టైర్లు కాలుతున్నాయి. ఆఫీసు మెట్ల మీద వాచ్‌మన్ ఒక్కడే ఉన్నాడు.

"ఏంది సారూ, బంద్ నాడు డ్యూటీకొచ్చినవ్? తాళంచెవి మేనేజర్ సార్ కాడున్నది. నాగోల్‌ల ఉంటడు గదా, జర ఫోన్ జెయ్."

చేశాను. స్విచ్ఛాఫ్. నాగోల్‌లో ఆయన ఇల్లెక్కడో మా ఇద్దరికీ తెలీదు. సాయంత్రం దాకా చేస్తూనే ఉన్నాను.

సోమవారం మేనేజర్ పిలిచారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. తిట్టినా మర్యాద తప్పరు.

"బందూ మీరే చేసి, హెడర్లూ మీరే దాచేస్తే ఎలాగండీ?"

"దాచలేదు సార్, జాబితాల రాయలేదు, నాదే తప్పు. తాళంచెవి కోసం మీకు ఫోన్ చేసిన..."

"నా ఫోను సంగతి మీకెందుకండీ?"

కస్టమర్ పోయాడు. నెలాఖరుకు నన్నూ పొమ్మన్నారు. కావాలని దాచాడన్న మాట నాకన్నా ముందే వేరే కంపెనీలకు చేరింది. ఏడు నెలలు ఎవరూ ఇంటర్వ్యూకు పిలవలేదు. పిలిచినా ఏం చెప్పను, దొంగను కాదు, మొద్దునని చెప్పనా?

అయితే చివరి రోజున ఆ మూడు వరుసలూ రాసే బయటికొచ్చాను. వాటి కింద నాలుగోది కూడా. ఆ తర్వాత ఎవరు ఇన్‌స్టాల్ చేసినా, మేనేజర్ చేసినా సరే, తెర మీద చివరన ఒక మాట వస్తుంది:

"హెడర్లు చేరాయి. తాళంచెవి నాగోల్‌లో ఉంది."