బంగారం పట్టిన చప్పుడు

మా మావగారికి చెవులు వినపడటం లేదని ఇంట్లో మొదట కనిపెట్టింది నేనే. స్నానానికి వెళ్తూ, మూడు కూతలకి కట్టేయమని చెప్పిన కుక్కరు ఏడో కూత కూస్తుంటే, దాని పక్కనే తాపీగా పేపరు చదువుకుంటున్నారాయన. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. పెద్దాయనని కూడా చూడకుండా నాలుగు మాటలు అనేశాను. ఆయన నవ్వి, ఠీక్ హై అన్నారు. అన్నవాటిలో ఒక్కటీ ఆయనకి చేరలేదని అప్పుడు తెలిసింది.

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో నలభై ఏళ్ళు రివెట్ల మోత మధ్య పనిచేసిన మనిషి. రిటైరైన మొదటి ఏడాది సైరన్ మోగగానే చొక్కా తొడుక్కుని వరండాలోకి వచ్చి, వెళ్ళే చోటు లేక మళ్ళీ విప్పేసేవారు. అది చూడటం మా అందరికీ కష్టంగా ఉండేది. తర్వాత పూరీ గేట్‌ పేటలోని మా ఇంటి నుంచి రోజూ సైకిల్ మీద, ఊళ్ళోనే ఉన్న ఇందా అనే పేటకి వెళ్ళడం మొదలుపెట్టారు. అక్కడ లైసెన్సున్న తుపాకీల రిపేరు షాపు ఒకటుంది. తుపాకుల తయారీకి పేరుపడ్డ బీహార్‌లోని ముంగేర్ నుంచి వచ్చిన ముసలి మిస్త్రీ ఒకాయన, ఇనుము మీద లతలూ ఆకులూ చెక్కడం, చెక్కిన గాడిలో బంగారు తీగ పొదగడం ఈయనకి నేర్పాడు. మిస్త్రీ పోయాక ఆ పని ఈయన చేతికే వచ్చింది.

ఈ ఇంటి కోడలినై పద్నాలుగేళ్ళయినా నేనెప్పుడూ ఆ షాపు గడప తొక్కలేదు. ప్రాణం తీసే వస్తువుకి నగలేమిటని నా అభిప్రాయం. తుపాకీకి పెళ్ళా మావయ్యా, ఇంత సింగారం అని ఆటపట్టించేదాన్ని కూడా.

కుక్కరు గొడవ జరిగిన వారానికి, నేను పాఠాలు చెప్పే బడికి వేసవి సెలవులిచ్చిన రోజున, ఆయన నా ఎదుట వచ్చి కూర్చున్నారు.

"రేపట్నించి నువ్వు షాపుకి రావాలమ్మా. నాకు నీ సెవులు కావాలి."

సంగతి మెల్లగా చెప్పారు. ఊరి పక్కనున్న సాలువా సాయుధ పోలీసు క్యాంపులో సుబేదారుగా చేసి రిటైరైన ఒకాయన, తన రెండు గొట్టాల తుపాకీని కూతురికి ఇస్తున్నాడు. లైసెన్సు ఆ అమ్మాయి పేరు మీదికి వచ్చేసింది. తుపాకీ పక్క పలక మీద, తన సొంతూరి కొండల్లో తిరిగే పిట్టని బంగారు తీగతో పొదిగించాలని ఆయన కోరిక. ఎన్ని సార్లు పేలినా వెంట్రుకంత తీగ కూడా లేవదని మావగారు మాట ఇచ్చేశారు. అయితే తీగ లోపల పట్టిందో లేదో ఆయనకి తెలిసేది చప్పుడును బట్టే. ఈమధ్య ఆ తేడా వినపడక, రెండు తుపాకీల మీద తీగ లేచిపోయింది. ఇదీ లేస్తే ఉలులు షాపులో అప్పగించి ఇంట్లో కూర్చుంటానన్నారు. వరండాలో చొక్కా విప్పుకునే ఆ మనిషి కళ్ళ ముందు మెదిలాడు. వస్తానన్నాను.

తుపాకీ షాపు దాటకూడదు కాబట్టి పనంతా అక్కడే. ముందే కాల్చి మెత్తబరిచిన పలకని వైస్‌లో బిగించారు. కళ్ళద్దాల మీద భూతద్దం తగిలించుకుని, ఆవగింజంత మొన ఉన్న ఉలితో గీత గీశారు. ఇనుము చుట్టలు చుట్టుకుంటూ లేచింది. డెబ్బై దాటిన చెయ్యి, గ్లాసు ఎత్తితే వణికే చెయ్యి, ఉలి పట్టగానే వణకడం మానేసింది. అద్దంలోంచి నన్ను చూడమన్నారు. దారమంత గాడి, పైన ఇరుకు, అడుగున వెడల్పు. ఆ అడుగు మీద ముళ్ళలాంటి గరుకు. అందులో తీగ పెట్టి కొడితే, బంగారం కిందికి దిగి పక్కలకి పరుచుకుని, వచ్చిన దారిన వెళ్ళలేక ఉండిపోతుందట. జిగురు లేదు, అతుకు లేదు. ఇన్నేళ్ళూ నేను వెటకారం చేసింది దీన్నా అనిపించి సిగ్గేసింది.

పాత పలకల మీద కొట్టి చూపించి చప్పుడు నేర్పారు. పట్టని తీగ బొదబొదమంటుంది. పట్టినప్పుడు బంగారం గొంతు పోయి ఇనుము గొంతే వినిపిస్తుంది. పూటలోనే నాకు తేడా తెలిసింది.

ఐదు రోజులు ఆయనకెదురుగా కూర్చున్నాను. నాలుగు దెబ్బలు కొట్టి తలెత్తి నావైపు చూసేవారు. పట్టింది అనో, లేదు అనో అనేదాన్ని. మామూలు గొంతుతోనే అనేదాన్ని, అయినా ఆయన సరిగ్గానే అందుకునేవారు. ముందు తోక, తర్వాత రెక్క, ఒక్కొక్క ఈకా మెరిసింది. నల్లటి ఇనుము మీద ప్రాణమున్న పిట్ట వాలినట్టుంటే, దాని ముందు గట్టిగా ఊపిరి తీసుకోవడానికి కూడా భయమేసింది.

ఐదో రోజు తల మీది జుట్టు ఒక్కటే మిగిలింది. కరెంటు పోయింది. సుబేదారు, ఆయన కూతురు పొద్దుటి నుంచి బెంచీ మీదే ఉన్నారు. ఆ తీగని మావగారు అప్పటికే రెండుసార్లు పీకేశారు. మూడోసారి కొట్టి తలెత్తారు. చప్పుడు అటూ ఇటూ కాకుండా ఉంది. చొక్కా తడిసి ఆయన వీపుకి అంటుకుపోయింది. ఆ ముసలి ప్రాణాన్ని ఇంకా ఎంత ఏడిపించాలి అనిపించింది.

"పట్టింది" అన్నాను.

ఆయన కాసేపు నన్నే చూసి, పిల్లలు ఎదురు చూస్తుంటారు, నువ్వు ఇంటికి నడువమ్మా అన్నారు. నేను వచ్చేశాను, కానీ ఆ రాత్రి అన్నం సహించలేదు.

వారం తర్వాత, అనుమతి తీసుకుని ఫైరింగ్ రేంజ్‌లో సుబేదారు కూతురు తుపాకీ పేల్చింది. నన్నూ తీసుకెళ్ళారు. ఒకదాని వెనక ఒకటి రెండు గొట్టాలూ పేలాయి. మావగారు ఇచ్చిన భూతద్దంతో పిట్ట తలని చూశాను. జుట్టులో ఒక్క తీగ కదల్లేదు. సుబేదారు పలకని కళ్ళకద్దుకుని, మావగారి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. అందరూ సంతోషంగా ఉన్నారు. నేను మాత్రం తలెత్తలేకపోయాను.

ఆటో దిగి మా గేటు దగ్గరికి వచ్చాక ఇక ఆగలేకపోయాను. వీధంతా వింటే విననీ అని గట్టిగా అరిచి చెప్పేశాను.

"ఆ జుట్టు తీగ పట్టలేదు మావయ్యా. నేను అబద్ధం చెప్పినాను."

"తెలుసమ్మా. నువ్వెళ్ళినాక పీకేసి మళ్ళీ ఎక్కించినాను. సుబేదారు కూతురికి చప్పుడు నేర్పి నీ జాగాలో కూకోబెట్టినాను."

ఎలా తెలిసిందని అడిగాను. ఆయన గేటుకి ఆనించి ఉన్న తన సైకిల్‌ని పక్కకి జరిపి నాకు దారి ఇస్తూ, నన్ను వింతగా చూశారు.

"నువ్వు నోటితో సెప్పింది నాకేనాడు ఇనిపించిందేటి? ఐదు రోజులూ నీ మొకం సూసే కదా కొట్టినాను."

ఆ చెవులు పోయి ఎన్నేళ్ళయిందో, ఎన్నేళ్ళుగా నా మొహం చూస్తున్నారో ఆయన్ని అడిగే ధైర్యం నాకు ఇప్పటికీ రాలేదు.