డి.ఈ. గారిని పొగిడిన పాపం

ఆ రోజుల్లో తెలుగంటే మా కోనసీమలో మాట్లాడేదేనని, మిగిలిన జిల్లాలవాళ్ళంతా తమకు చేతనైనంతలో ఏదో నెట్టుకొస్తున్నారని నాకు గట్టి నమ్మకం. (మావాళ్ళలో చాలామందికి ఆ నమ్మకం ఇప్పటికీ చెక్కుచెదరలేదు. నాకు మాత్రం పోయింది. అది ఎలా పోయిందో చెప్పుకుంటే నా గుండె బరువు కాస్త తగ్గుతుందేమోనని ఇది రాస్తున్నాను.) నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. మామిడికుదురు నుంచి రోజూ బస్సెక్కి, అమలాపురం దగ్గర కాలువగట్టు మీదున్న ఇరిగేషన్ ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుగా పనిచేసేవాణ్ణి. నోరు తెరిస్తే నలుగురూ నవ్వుతారన్న గర్వం తప్ప నాకు చెప్పుకోదగ్గ అర్హతలేవీ ఉండేవి కావు.

మా ఆఫీసుకు పెద్ద డి.ఈ. గారు, అంటే డిప్యూటీ ఇంజనీరు. కడప వైపు మనిషి. రిటైర్మెంటుకు రెండేళ్ళుందనగా మా కాలువల మీదికి బదిలీ అయి, ఇంట్లోవాళ్ళను అక్కడే ఉంచి ఒక్కరే వచ్చారు. ఆయన గొంతు మొదటిసారి విన్నప్పుడు నా ఉద్యోగానికి అదే ఆఖరి రోజనుకున్నాను. "ఏం రా, అన్నం తిన్యావా?" అన్నారు. అంతే. మా వైపు ఆ ప్రశ్న వెయ్యాలంటే ముందు ఎండ సంగతి మాట్లాడి, తర్వాత అమ్మగారి మోకాళ్ళ నొప్పులు కనుక్కుని, అప్పుడు గానీ "కాస్త ఎంగిలిపడ్డారా అండీ" అని సాగదీయం. ఆయన అడిగిన తీరుకు నేను, తిననందుకు మెమో ఇస్తారేమోనని, తినకుండానే తిన్నానని చెప్పేశాను. ఆయన అలా రోజూ అడిగేవారు. ఆ అరుపులాంటి మాట వెనక ఉన్నది ప్రేమేనని తెలుసుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

తెలిసిన సందర్భం కూడా నా ఘనతే. కాలువ లాకు మరమ్మతు కాగితాలు ఒక ఆఫీసుకు పంపాల్సింది మరో ఆఫీసుకు పంపేశాను. పైనుంచి ఘాటుగా ఉత్తరం వచ్చింది. డి.ఈ. గారు నన్ను ఒక్క మాట అడగకుండా, అలా పంపమని చెప్పింది తానేనని జవాబు రాసి సంతకం పెట్టేశారు. తర్వాత గదిలోకి పిలిచి, "ఇంగ అట్ల చేయొద్దు, పో" అన్నారు. నేను వరండాలోకి వచ్చి స్తంభం చాటున నిలబడి ఏడ్చాను. అలాంటి మనిషికి తీరని దిగులు ఒకటుండేది. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు ఎస్.ఈ.లు, అంటే సూపరింటెండింగ్ ఇంజనీర్లు అయి ఆయన మీదే అజమాయిషీ చేస్తుంటే, ఏదో సీనియారిటీ పేచీలో ఇరుక్కుని ఆయన మాత్రం డి.ఈ. గానే మిగిలిపోయారు. ఆ విషయం ఆఫీసులో అందరికీ తెలుసు. ఆయన ఎదుట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.

ఇక మా నాయనమ్మ గురించి ఒక్క ముక్క చెప్పాలి. దిష్టి లేదు, గిష్టి లేదు అని ఆదివారం చర్చిలో ఆమెన్ చెప్పి, ఇంటికొచ్చాక ఎవరినైనా మొహం మీద తిన్నగా పొగిడితే ఒప్పుకునేది కాదు. మంచివాణ్ణి మంచివాడని చెప్పాలంటే కాస్త మూతి తిప్పి, సాగదీసి, వేళాకోళంలా చెప్పాలి. విన్నవాళ్ళు నవ్వాలి. నవ్వితే దిష్టి పోయినట్టు. (ఇది మా ఇంటి ఒక్కదాని పద్ధతి కాదు. మా వైపు పొగడ్తకు చప్పట్లంటే నవ్వే.) ఆవిడ దగ్గరొక పాత మాట ఉండేది. దాన్ని ఇక్కడ రాయను, ఎందుకు రాయనో మీకే తెలుస్తుంది. సారాంశం మాత్రం చెబుతాను: అందరినీ అవతలి ఒడ్డుకు చేర్చి, తాను ఏటిలోనే ఉండిపోయిన పడవవాడి గురించి. అంతకంటే గొప్ప పొగడ్త మా నాయనమ్మకు తెలియదు. మా తాతగారు పోయాక ఒకే ఒక్కసారి ఆయన గురించి ఆ మాట అంది.

డి.ఈ. గారి వీడ్కోలు సభలో నన్ను కూడా మాట్లాడమన్నారు. నేను వారం రోజులు ఆలోచించి నాయనమ్మ మాటే ఎంచుకున్నాను. ఆయన్ని చూస్తే నాకు అదే గుర్తొచ్చింది, మనస్ఫూర్తిగా అనాలనిపించింది. మైకు ముందు నిలబడి, నాయనమ్మ నేర్పినట్టే మూతి తిప్పి, ఒక్కో మాటా సాగదీసి, చివర "ఆయ్, మా డి.ఈ. గారండీ" అని కలిపాను. హాలంతా ఘొల్లుమంది. కాలువ కాపలా చూసే లస్కర్లు బల్లలు చరిచారు. నేను ఆనందంతో ఉబ్బిపోయి వచ్చి కూర్చుంటే, మేమంతా బాబాయిగారని పిలిచే హెడ్ క్లర్కు నా వీపు తట్టి "అదరగొట్టేసేవురా అబ్బాయ్" అన్నారు. అప్పుడు వేదిక వైపు చూశాను. అంతమంది నవ్వుల మధ్య డి.ఈ. గారు ఒక్కరే దండలోంచి రాలిన పూరేకుల్ని ఒళ్ళోంచి ఏరుతూ కూర్చున్నారు. తన వంతు వచ్చినప్పుడు లేచి "అందరికీ దండం" అని మళ్ళీ కూర్చున్నారు.

మెట్లు దిగుతుంటే పాదాలకు నమస్కారం చెయ్యబోయాను. ఆయన నా భుజం పట్టుకుని ఆపారు. "రెండేండ్లు అందరూ ఎగతాళి చేస్తానే ఉండిరి. నువ్వు చేయవనుకుంటి" అన్నారు. ఆ గొంతులో అరుపు లేదు.

అప్పటిదాకా నా బుర్రకు తట్టలేదు. మా మర్యాదలు, మా సాగదీతలు, మా "రండి బాబూ, కూర్చోండి బాబూ"లు, అన్నీ ఆయన చెవిలో రెండేళ్ళుగా వెటకారంగానే పడుతున్నాయన్నమాట. ఆఖరి రోజున నేను అందరి ముందు, ఏట్లో మిగిలిపోయావయ్యా అని ఆయన దిగులునే ఎత్తి చూపించాను. కక్కలేను, మింగలేను. మర్నాడు ఆయన్ని రాజమండ్రి స్టేషనులో రైలెక్కించాల్సింది నేనే. వెళ్ళేసరికి ఆయన అద్దె గదికి తాళం ఉంది.

తర్వాత నేను చేసిన పనులు తలుచుకుంటే ఇప్పటికీ తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. ఫోన్ చేశాను. తప్పు చేశానన్న భయంతో మాటకు రెండు అండీలు తగిలించి, "అయ్యో, నేనెంతవాణ్ణండీ బాబూ, తవర్ని అంత మాట అనగలనా అండీ" అన్నాను. ఫోన్ పెట్టేశారు. తప్పు చేస్తే మర్యాద పెంచడం తప్ప మాకు మరో దారి తెలియదు, మర్యాద పెరిగేకొద్దీ సాగదీత పెరుగుతుంది, అది పెరిగేకొద్దీ ఆయనకు ఎగతాళి పెరిగినట్టుంటుంది. పూతరేకులు పంపితే డబ్బా విప్పకుండా తిరిగొచ్చింది. యాస లేకుండా క్షమాపణ చెప్పడం సాధన చేద్దామని అద్దం ముందు నిలబడితే, మా అమ్మ విని గొంతు పట్టేసిందనుకుని మిరియాల కషాయం పెట్టింది. అదీ తాగాను. ఇక మనిషన్నవాడికి ముఖం చూపించలేనని ఖాయం చేసుకుని, చివరికి ఉత్తరం రాశాను. లాకు కాగితాల సంగతి, స్తంభం చాటున ఏడ్చిన సంగతి, నాయనమ్మ, తాతగారు, అన్నీ రాసి, కింద ఆ పాత మాట ఒక్కటీ విడిగా రాశాను. రెండు నెలలు జవాబు లేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఫోన్ వచ్చింది. "నీ జాబు సదివినా. ఆ మాట మా ఇంటామెకు సదివి వినిపించినా. ఏడ్చింది" అన్నారు. "నువ్వు సెప్పినప్పుడేమో అంతా నవ్విరి. రెండిట్లో ఏది నిజం రా?"

నోరు తెరవాలంటే భయమేసింది. "రెండూనండీ" అన్నాను.

"అయితే ఇంగోసారి మీ మాటలో సెప్పు. ఇంటా."

చెప్పాను. మూతి తిప్పాను, సాగదీశాను, అన్నీ నాయనమ్మ నేర్పినట్టే. కానీ పక్కన నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. సగంలోనే ఏడ్చేశాను. ఎన్నోసార్లు విన్న మాటలో అంత దుఃఖం ఉందని ఆ క్షణందాకా నాకే తెలియదు. అవతల డి.ఈ. గారు మాత్రం నవ్వారు. నేను ఆయన నవ్వు వినడం అదే మొదటిసారి. "అన్నం తిను పో" అని పెట్టేశారు.

ఇప్పుడు నేను అదే ఆఫీసులో సూపరింటెండెంటుని. నా దగ్గర డ్రాఫ్టులు రాయడం నేర్చుకున్నవాళ్ళు పెద్ద కుర్చీల్లో ఉన్నారు. వచ్చే ఏడు నా వీడ్కోలు సభ. ఎవరైనా కుర్రాడు మైకు ముందు నిలబడి నా గురించి చెప్పి హాలంతా నవ్విస్తాడు, తప్పదు. వాడు సాగదీసి ఏమన్నా సరే, నేను ఒళ్ళోని పూరేకులు ఏరుకోకుండా, తలెత్తి వాడితో పాటు నవ్వాలి. అద్దం ముందు అదే సాధన చేస్తున్నాను. ఇంకా సరిగ్గా రావడం లేదు.