వర్ష సంచి మీద ‘బ’ అక్షరం

మొన్న శనివారం ఉదయం అప్పలనర్సమ్మగారు ఇక లేరన్న వార్త ఫోనులో విని నిశ్చేష్టుణ్ణయ్యాను. మా భాలుబాసా బస్తీలో చిన్నపిల్లల పుస్తకాలకు గుడ్డసంచులు కుట్టిపెట్టిన ఆ పుణ్యాత్మురాలికి నేనొక క్షమాపణ చెప్పుకోవలసి ఉంది. ఇవాళ, రేపు అంటూ ఏడాది గడిపేశాను. ఇప్పుడు ఎవరితో చెప్పుకోను?

ఈ హిందీ ఊళ్ళో ఆదివారాలు మన పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించడం నా వ్యాసంగం. పాలిథిన్ కవర్లలో పలకలు, పుస్తకాలు తెచ్చేవారు. వీధి మలుపు తిరిగేలోగా అవి చిరిగేవి. అది చూడలేక ఆవిడ సాక్చి బజారులో దర్జీల దగ్గర మిగిలిన ముక్కలు తెచ్చి మిషను ముందు కూర్చున్నారు. పుస్తకాల కొలతలిస్తానంటే నవ్వారు. “కొలత పుత్తకానికి కాదు మేస్టారూ, పిల్లకి తియ్యాల. మోసీది పిల్ల కదేటి?” అంటూ ఒక్కొక్కరినీ నిలబెట్టి, భుజం నుంచి నడుము దాకా టేపు పట్టారు. ఆవిడ కుట్టిన ఏ సంచీ ఏ పిల్ల మోకాలికీ తగిలి ఎరగదు.

అంత దయామయికీ నోరు మాత్రం పెద్దది. సంచి మాసింది, పారేస్తాను, కొత్తది కుట్టమని ఒక తల్లి అడిగితే చూడాలి ఆ ఉగ్రరూపం! “ఉతకనేవా? సేతులేటయ్యాయి?” అని కసిరి, ఆ సంచి తానే ఉతికి ఆరేసి ఇచ్చారు.

ప్రతి సంచి మీదా పిల్ల పేరులోని మొదటి అక్షరం రంగుదారంతో కుట్టేవారు. అయిదేళ్ళ వర్ష సంచి మీద ‘బ’ కనబడేసరికి నాకు ఒళ్ళు మండింది.

“ఇది తప్పండీ. ‘వ’ ఉండాలి.”

“ఆలమ్మ ఒడిశా మనిసి కదా మేస్టారూ. ‘బర్సా’ అని పిలుత్తాది. అందుకే ‘బ’ కుట్టేను.”

“పిలుపు వేరు, పేరు వేరు. విప్పేయండి” అన్నాను, పిల్లలందరి ముందూ. ఆవిడ ఒక్కొక్క కుట్టూ విప్పి ‘వ’ కుట్టారు.

మరుసటి ఆదివారం వర్ష మళ్ళీ పాలిథిన్ కవరుతో వచ్చింది. సంచి ఏదంటే, “వో మేరా నహీ హై” అంది. అది తనది కాదట! అప్పలనర్సమ్మగారు ఆ సంచి తెప్పించి రెండోవైపు ‘బ’ కుట్టి, “నీకు రెండు పేర్లమ్మా. ఒకటి అమ్మది, ఒకటి మేస్టారిది” అని భుజాన తగిలించారు. పిల్ల మొహం వెలిగింది, నా పరువూ నిలిచింది. తప్పు నాదేనన్న మాట గొంతు దాకా వచ్చింది. పాడు అహంకారం, బయటికి రానివ్వలేదు.

ఆ మహాతల్లి లోటు పూడ్చగల మనిషి మాకు ఇక దొరకరు. నిన్న తరగతిలో పిల్లలందరి ఎదుట చేతులు జోడించి, “ఆ రోజు తప్పు నాది, సంచి కుట్టిన మామ్మది కాదు” అన్నాను.

వర్ష లేచి నిలబడింది. “మామ్మతో చెప్పారా?”

“లేదమ్మా” అన్నాను.