సుగుణ అఫిడవిట్‌లోని ఏడవ పేరా

ఈ ఉదంతాన్ని అక్షరబద్ధం చేయడానికి ముఖ్య కారణం ఇందులో నా తప్పు ఒకటి ఉండటం. నలభై ఏళ్లు ఇతరుల చేత నిజం చెబుతానని ప్రమాణం చేయించినవాడు తన తప్పును దాచుకొని వెళ్లిపోవడం సబబు కాదు.

రెండేళ్ల కిందటి వేసవి. జహీరాబాద్ కోర్టుకు ఎదురుగా ఉన్న చిన్న గదిలో నేను నోటరీగా పనిచేస్తున్నాను. ఒక వ్యక్తి తన ఎదుట ప్రమాణం చేసి సంతకం పెట్టాడని ధ్రువీకరించే అధికారం గల న్యాయవాదిని నోటరీ అంటారు. అలా ప్రమాణం చేసి ఇచ్చే రాతపూర్వకమైన సాక్ష్యమే అఫిడవిట్. నా దగ్గరకు వచ్చేవి మామూలు విషయాలు: సర్టిఫికెట్టు పోయిందని, ఇంటిపేరు తప్పు పడిందని, ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి ఫలానా కాగితం కావాలని.

ఒక సోమవారం ఉదయం నలభై ఏళ్ల స్త్రీ వచ్చింది. ఆమెను సుగుణ అని పిలుస్తాను. అది ఆమె పేరు కాదు. దగ్గరలోని చిరాగ్‌పల్లి మనిషి. ఒక దూరదేశపు ఆస్పత్రిలో పదకొండేళ్లు ప్రసూతి వార్డు నర్సుగా పనిచేసి తిరిగివచ్చింది. ఆ దేశం పేరు రాయవద్దని ఆమె కోరింది. అక్కడ ఒక జాతివారిని, ఆ జాతిలో పుట్టినందుకే, వెతికి వెతికి చంపుతున్న రోజులవి. ఆ దృశ్యాలు నెలల తరబడి మన ఊళ్లో ప్రతి ఫోనులోనూ కనబడ్డాయి. హోటల్లో చాయ్ తాగుతూ జనం వాటిని వేలితో పైకి తోసి, అల్లం ధర సంగతి మాట్లాడుకునేవారు. ఇతరులను అనడమెందుకు? పత్రికలో ఆ పుట వస్తే నేనూ తిప్పేసేవాణ్ణి.

ఆ హత్యలపై విదేశంలో విచారణ జరుపుతున్నవారికి ఆమె తన వాంగ్మూలం పంపాలి. శుక్రవారం ఆఖరు గడువు. నోటరీ ముద్ర లేనిదే వారు స్వీకరించరు. అప్పటికే ఇద్దరు నోటరీలు కాదన్నారు.

"ఇది నా జురిస్‌డిక్షన్‌లో జరిగింది కాదమ్మా," అన్నాను. జురిస్‌డిక్షన్ అంటే అధికార పరిధి.

"జరిగింది ఆడనే సార్. చూసిన నేను ఈడున్న గద."

మా టైపిస్టు నర్సింలు కల్పించుకున్నాడు. "అక్కా, గా దేశం ఏడుందో మ్యాపుల సూపెట్టుమంటే మనోళ్లు పక్కనున్న మొగుడంపల్లి మీద వేలు పెడ్తరు. గీ తిప్పలు నీకెందుకు?"

"నీకు తెల్వకపోతే తెల్వదు తమ్మీ. నాకు తెల్సు," అని ఆమె తన వాంగ్మూలం జిరాక్సు ప్రతిని నా బల్ల మీద పెట్టింది. "ముద్ర కొట్టకున్న మంచిదే సార్. జర సదువున్రి."

ఆమె వెళ్లాక, మధ్యాహ్నం చదివాను. కేస్‌షీటు రాసే నర్సు అలవాటు కాబోలు, ప్రతి సంఘటనకు ముందు గంట, నిమిషం ఉన్నాయి. ఏడుపు లేదు, శాపం లేదు. అంత క్రమంగా రాసిన సాక్ష్యం న్యాయవాదుల దగ్గర కూడా నేను చూడలేదు. చదివి, నోటరీ చట్టం తీశాను. సంఘటన ఎక్కడ జరిగిందని ఆ చట్టం నన్ను అడగదు. ప్రమాణం చేసే మనిషి నా పరిధిలో, నా ఎదుట ఉంటే చాలు. నేను ఉదయం చెప్పింది చట్టం కాదు. చట్టం పేరుతో తప్పించుకోవడం.

కాగితం అడుగున ఉన్న నంబరుకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. మర్నాడు ఆమె వచ్చింది.

నా పద్ధతి ఒకటుంది. ప్రతి పేరానూ బిగ్గరగా చదివి, "ఇది చూశారా, విన్నారా?" అని అడుగుతాను. విన్నదైతే విన్నదని విడిగా రాయాలి. అఫిడవిట్ చివర ఉండే ఈ విభజనను వెరిఫికేషన్ అంటారు. చాలామంది విసుక్కుంటారు. సుగుణ చాలాచోట్ల నేను అడగకముందే ఆగి, చూసిందో విన్నదో తానే చెబుతూ వచ్చింది.

ఉదయం పది నలభైకి సాయుధులు వార్డులోకి వచ్చారు. అడ్మిషన్ రిజిస్టరు అడిగారు. అందులో జాతి రాసే గడి ఉంది. ఆ గడి చూసి తొమ్మిదిమంది బాలింతలను, రిజిస్టరులో ఉన్న బిడ్డలతో సహా, పేరు పేరునా పిలిచి ఆస్పత్రి గోడ వెనక్కి తీసుకుపోయారు. ఇది ఆరవ పేరా. ఏడవ పేరాలో "వారిని కాల్చి చంపారు" అని ఉంది.

"చూశారా?" అన్నాను.

ఆమె ఆ వాక్యం మీద వేలు పెట్టింది. "కొట్టెయ్యున్రి సార్. గోడ అవుతల నేను సూడలె. తుపాకుల సప్పుడు ఇన్న. వాళ్లు మళ్ల రాలె. గంతే రాయున్రి."

నర్సింలు టైపు ఆపేశాడు. "చంపిన్రనే గదక్కా! ఉండనియ్యి. గదే లేకుంటే ఎవరు సదువుతరు?"

"నాకు తెల్సు తమ్మీ. కానీ నేను సూడలె. ఒక్క మాట ఎక్కువున్నా మొత్తం అబద్ధమంటరు. ఆ తొమ్మిదిమందికి నేను తప్ప ఎవరున్నరు?"

"చప్పుడు ఎన్నిసార్లు విన్నారు?" అన్నాను.

"లెక్క వెట్టలె సార్. అప్పుడు నా చేతుల ఒక బిడ్డ ఉన్నది."

ఆ బిడ్డ సంగతి ఎనిమిదవ పేరా. పది ఇరవైకి పుట్టింది. పుట్టిన వెంటనే రిజిస్టరులో ఎక్కించడం ఆమె విధి. కలం తీసిందట. కిటికీలోంచి గేటు దగ్గర బండ్లు కనబడ్డాయి. రాయలేదు. తల్లి పేరు పిలిచారు. బిడ్డ ఊసు కాగితం మీద లేదు కనుక ఎవరూ అడగలేదు. వాళ్లు వెళ్లాక ఉతికిన దుప్పట్ల బుట్టలో దాచి, సాయంత్రం ఆ తల్లి చెల్లెలికి అప్పగించింది. ఇంత చేసి, ఆ పేరాను ఆమె మొదలుపెట్టిన తీరు ఇది: "ఈ జననాన్ని నమోదు చేయకపోవడం నా విధి నిర్వహణలో లోపం."

జీవితమంతా రిజిస్టరులో ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఊరుకోని మనిషిని నేను. ఒక ప్రాణం నిలిపిన ఖాళీ గడి అది. దానిని కూడా తప్పుగా ఒప్పుకుంటున్న ఆ స్త్రీ ముందు నేను కుర్చీలో కూర్చోలేక లేచి నిలబడ్డాను. నిలబడే ప్రమాణం చేయించాను.

ఒక చిక్కు మిగిలింది. ఈమె ఫలానా అని ఎరిగిన మనిషి ఒకరు సంతకం పెట్టాలన్నది నా దగ్గర నియమం. కోర్టు వరండాలో ఆమె కుటుంబాన్ని ఎరిగిన ముగ్గురు న్యాయవాదులను అడిగాను. "మన రోడ్లకే దిక్కులేదు సార్," అన్నాడొకడు. మిగతా ఇద్దరూ నవ్వారు. తిరిగి వచ్చేసరికి నర్సింలు కలం మూత తీసి కూర్చున్నాడు.

"నేను పెడ్త వకీల్ సాబ్. మా చిన్నమ్మది చిరాగ్‌పల్లే. ఈ అక్కను చిన్నప్పటిసంది ఎరుగుదు."

"నిన్న చెప్పలేదేం?"

"నిన్న మీరూ సదవలె గద!"

కాగితం అతని ముందుకు జరిపాను. అతను సంతకం పెట్టాక నా ముద్ర వేశాను. బుధవారం కాగితాలు ఈమెయిల్లో వెళ్లాయి. అందినట్లు ఒక్క వాక్యం బదులు వచ్చింది. ఆ తర్వాతి సంగతి మాకెవరికీ తెలియదు.

దూరాన జరిగే ఘోరాన్ని ఆపే శక్తి నాకు లేదు, నిజమే. కానీ అది నా బల్ల దాకా నడిచి వచ్చిన రోజున నా చేతిలో ఒక ముద్ర ఉంది. ఆ మనిషి ఎదురుగా కూర్చుంటే, నేను మొదట వెతికింది నిరాకరించే సాకును. ఈ వృత్తిలో నేను నేర్చిన పాఠాలన్నిటిలో ఆలస్యంగా నేర్చినది ఇదే.

చట్టం గురించి రాసినదానిలో పొరపాట్లుంటే తెలిసినవారు దిద్దాలి. ఇంకొక మనవి. ఆ నెలల్లో మన జహీరాబాద్‌లో ఆ చంపబడినవారి కోసం నోరు తెరిచినవారు ఎవరూ నా ఎరుకలో లేరు. ఉంటే, దయచేసి వారి పేరు నాకు రాయండి. నేను పొరబడ్డానని తేలితే సంతోషంగా దిద్దుకుంటాను.