చింతపండు దగ్గర సైన్సు పాఠం

ఏడో తరగతి చదువుతున్న మనవరాలికి టైంటేబుల్ నేనే వేశాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆఫీసులో రికార్డు గది చూసుకున్నవాణ్ణి. స్కేలుతో గళ్లు గీసి, సైన్సుకు ఎర్ర సిరా, లెక్కలకు నీలం సిరా వాడి గోడకు అంటించాను. ఒక్కో పాఠం మూడుసార్లు చదవాలి, చదివినప్పుడల్లా టిక్కు పెట్టాలి. ఆ టిక్కులు రోజూ నా డైరీలోకి ఎక్కేవి. మొదటి యూనిట్ పరీక్షలో సైన్సుకు ఇరవై ఐదుకు తొమ్మిది వచ్చాయి. టిక్కులు మాత్రం ఒక్కటీ తప్పలేదు.

మళ్లీ ఇలాగే వస్తే గజపతినగరంలో ట్యూషన్‌కు పంపుతానన్నాడు మా అబ్బాయి. అంటే ఇక నా అవసరం లేదన్నమాట.

ఆ వారమే పిల్ల పుస్తకం పట్టుకుని పెరట్లోకి మారింది. అక్కడ మా ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. ఆమె చదువు మూడో తరగతితో ఆగింది.

“ఏటే సదువుతన్నావు?”

“ఆకులు అన్నం ఎలా వండుకుంటాయో, మామ్మా.”

“ఆకులకి పొయ్యెక్కడిదే?”

పిల్ల పకపకా నవ్వి ఎండ, నీళ్లు, గాలి అంటూ చెప్పుకొచ్చింది.

“మరి ముసురు పట్టినప్పుడు పస్తేనా?”

“ఉండు, సూసి సెప్తాను” అని పిల్ల పుస్తకం తెరిచింది. నేను గీసిన గళ్లవైపు ఒక్కనాడూ అంత ఆత్రంగా చూడలేదు.

మర్నాడు మా ఆవిడ, “నిన్న సెప్పినావు గానీ మర్సిపోనానే. మళ్లీ సెప్పు” అంది. మూడోనాడూ అదే మాట. పెళ్లయిన కొత్తలో నేను విసుక్కున్న మాటలన్నీ ఇప్పటికీ వరసగా అప్పజెప్పగల మనిషి, మర్చిపోయిందట! కిటికీ దగ్గర కూర్చుని అంతా విన్నాను. కడుపు మండిపోయింది. పిల్లకు పాఠం రాదేమోనని భయపడాల్సినవాణ్ణి, వచ్చేస్తుందేమోనని భయపడ్డాను. ఆ సంగతి డైరీలో రాయలేదు.

రెండో యూనిట్ పరీక్షలో సైన్సుకు ఇరవై ఒకటి వచ్చాయి. పేపరు చూద్దామని గేటు దగ్గర చెయ్యి చాచి నిలబడ్డాను. పిల్ల దాన్ని ఊపుకుంటూ నన్ను దాటి పెరట్లోకి పరిగెత్తింది. ట్యూషన్ మాట అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు నేనూ పీట తెచ్చుకుని వాళ్ల పక్కన చేరాను. తర్వాతి పాఠం ఉష్ణం. “ఉష్ణం అంటే ఏమిటమ్మా?” అని వీలైనంత అమాయకంగా అడిగాను.

“నీకు తెల్సు కదా తాతా! తెల్సినోలికి సెప్తే నాకేటొస్తాది? నువ్వు మాటాడకు.”

మా ఆవిడ చింతపండు బుట్ట నావైపు తోసింది. “అడగడం మీ వల్ల కాదు గానీ, ఈ గింజలు తియ్యండి.”

తీశాను. తర్వాత చేతులు కడుక్కుని డైరీ తెరిచి, ఇరవై ఒకటి అన్న అంకె పక్కన ‘మా ఆవిడ వల్ల’ అని రాశాను. పెన్ను గట్టిగా నొక్కానేమో, వెనక పేజీలోనూ అచ్చుపడింది.