నిమ్మాకు వెనక వైపు

నా చిన్నప్పుడు బోన్సాయ్ అన్న మాట మా ఇంట్లో ఎవరికీ తెలియదు. కాని మా అరుగు మీద ఒక బోన్సాయ్ ఉండేది. మా తాతయ్య దాన్ని గిన్నె నిమ్మ అనేవాడు. పేలాలు వేయించే మంగలం పగిలితే, దాని అడుగు పెంకులో మట్టి పోసి, పొలం గట్టున దొరికిన నిమ్మ మొలకను అందులో పెట్టాడట. అది మా బాపు పుట్టిన ఏడాది. "కొడుకు పెరిగిండు గని సెట్టు పెరగలే" అని మా నాయనమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వేది. పెరగనివ్వనిది తాతయ్యే. ఏటా తొలకరికి చెట్టును పెంకులోంచి పైకి తీసి, వేర్లు కత్తిరించి, కొత్త మట్టిలో మళ్ళీ కూర్చోబెట్టేవాడు. అందుకు నాయనమ్మ బీడీలాకు కోసుకునే కత్తెర ఎత్తుకుపోయేవాడు. ఆ కత్తెర మొద్దుబారిందని ఏటా ఒక పోట్లాట మా ఇంట్లో పండగ లాగా వచ్చేది.

మాది బోధన్ పక్కన చెరకు తోటల మధ్య ఉన్న ఊరు. మా గోడకు అవతల పక్కింటి చిచ్చా వాళ్ళ బెల్లం బట్టీ ఉండేది. చిచ్చా మా తాతయ్యను కాకా అని పిలిచేవాడు. చలికాలం వచ్చిందంటే అక్కడ చెరకు పిప్పి మంట, పెద్ద కడాయిలో ఉడికే రసం వాసన, దానితోపాటు నల్లటి పీచు బూడిద. మా వైపు ఇళ్ళలో ఆ నెలల్లో ఉతికిన బట్టను దులపకుండా ఎవరూ కట్టుకోరు. అది మాకు కష్టం కాదు, కాలం. బూడిద పడింది అంటే పిల్లలకు వేడి బెల్లం దొరికే రోజులు వచ్చాయని అర్థం.

ఆ ఏడాది గిన్నె నిమ్మ ఆకులు నల్లబడ్డాయి. మసి పూసినట్టు ఒక్కో ఆకూ నల్లబడి, కొత్త చిగురు ముడుచుకుపోయింది. పెద్ద చెట్టుకు పది కొమ్మలు పోయినా కనపడదు. గిన్నెలో చెట్టుకు ఉన్నవే కాసిన్ని ఆకులు. తాతయ్య వాటిని ముట్టుకుంటే చేతికి జిగురంటింది. వేలు నాలుక మీద పెట్టుకుని చూశాడు. తియ్యగా ఉంది. ఇక చెప్పేదేముంది? నలుపేమో బట్టీ బూడిద, తీపేమో బెల్లం ఆవిరి. పక్కన బట్టీ ఉన్నవాడికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి! మా బాపు కూడా అంతే అనుకున్నాడు, నేనూ అంతే అనుకున్నాను.

తాతయ్య గోడ దగ్గరికి పోయి గట్టిగానే అరిచాడు. "గీ నలుపేంది? గీ తీపేంది? నీ బట్టీకెల్లి గాకపోతే మొగులుకెల్లి పడ్డదా?"

"కాకా, ఎన్నేండ్ల సంది నడుస్తున్నది బట్టీ? గిన్నేండ్లు లేని నలుపు గిప్పుడెట్లొచ్చె?" అన్నాడు చిచ్చా, మెల్లగానే.

అది న్యాయమైన ప్రశ్న. కాని కోపంలో ఉన్న మనిషికి న్యాయమైన ప్రశ్న ఇంకా మంట పెడుతుంది. "నీ ఇంట్ల కాలు పెట్ట. నేనే గాదు, నా ఇంటోళ్ళెవ్వరు పెట్టరు. పెండ్లయినా సరే!" అనేశాడు తాతయ్య.

ఆ పెండ్లి అన్న మాటతో నా ప్రాణం పోయింది. చిచ్చా కూతురికి, అంటే మా పక్కింటి అక్కకు, ఆ నెలలోనే పెళ్ళి. ఆమెను మేమంతా ఆపా అని పిలిచేవాళ్ళం. నాకు జడ వేసింది ఆమె, అ ఆలు దిద్దించింది ఆమె, దెబ్బ తగిలితే ఊదింది ఆమె. గోరింట పెట్టే రోజు తన పక్కనే నన్ను కూర్చోబెట్టుకుంటానని మాట ఇచ్చింది. పెళ్ళయితే నిజామాబాద్ వెళ్ళిపోతుంది. ఆ ఒక్క రోజూ పోతే ఇంకేం మిగిలినట్టు? మా తాతయ్యది ఇనుప మాట. నేను ఏడ్చాను, అన్నం తిననన్నాను, ఎవరూ పట్టించుకోలేదు.

తాతయ్య చెట్టును పొగ తగలకుండా లోపలి అర్రలోకి మార్చాడు. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. తలుపు వేసి ఉంచాడు, కిటికీకి గోనె కట్టాడు. అయినా నలుపు తగ్గలేదు, పైగా పాకింది. "పొగ గోడలకు వట్టింది" అన్నాడు. ఏమనగలం!

ఒక రోజు మధ్యాహ్నం ఆయన పొలం పోయినప్పుడు నాయనమ్మ నన్ను పిలిచింది. అరికాళ్ళు మండుతున్నాయని, పక్కింటికి పోయి కాస్త గోరింటాకు తెమ్మని చెప్పింది. తాత కొడతాడు అన్నాను. "నేను పంపిన్నని జెప్పు. నన్ను గొట్టుమను" అంది. ఆ కాళ్ళ మంట నిజమో, ఎత్తుగడో నాకు ఇప్పటికీ తెలియదు.

గోరింట చెట్టు బట్టీ గోడకు ఆనుకునే ఉండేది. ఆపా నన్ను చూడగానే కావలించుకుంది. ఆకు తెంపి నా ఒడిలో పోస్తూ ఒక సంగతి చెప్పింది. గొడవ అయిన నాటి నుంచి, గాలి మా ఇంటి వైపు తిరిగిన పూటల్లా వాళ్ళ అబ్బా, అంటే మా చిచ్చా, బట్టీ మంట ఆర్పేయిస్తున్నాడట. కొట్టి తెచ్చిన చెరకు కుప్ప అలాగే పడి ఎండుతోంది. చెరకు కొట్టాక నిలవ ఉంటే రసం ఉండదని మా వైపు చంటిపిల్లలకు కూడా తెలుసు. "కాకా రాకుంటె అబ్బాకు పెండ్లే పెండ్లి గాదు" అని ఆపా ముక్కు చీదింది. అటు చూస్తే బట్టీ చల్లారి ఉంది. కడాయి బోర్లించి ఉంది.

నేను ఇంటికి వచ్చి ఇదంతా నాయనమ్మకు చెప్పాను. ఆమె చాటలో గోరింటాకు పోసుకుని, బీడీలాకు చూసినట్టే ఒక్కో ఆకునూ తిప్పి తిప్పి చూస్తోంది. తునికాకు పని చేసే వాళ్ళందరికీ ఉండే అలవాటు అది. కొలతకు రేకు ముక్క పెట్టి కత్తిరించే ముందు ఆకును వెనక్కి తిప్పాలి. మచ్చ, రంధ్రం, లావు ఈనె, పురుగు గుడ్డు అన్నీ వెనకే దాక్కుంటాయి. ముందు వైపు నున్నగా ఉందని కత్తెర పెడితే బీడీ చుట్టేటప్పుడు చిట్లుతుంది. "మంట ఆర్పినంక గూడ నలుపెట్ల పెరిగె?" అని తనలో తనే అనుకుంది. లేచి అర్రలోకి పోయి, చెట్టు నుంచి ఒక ఆకు తెంపుకొచ్చి కొంగులో ముడేసుకుంది.

సాయంత్రం తాతయ్య కాళ్ళు కడుక్కుని కూర్చోగానే గోరింటాకు చాట తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఏమయ్యో, ఊదు."

"ఎందుకే?"

"ఊదమంటె ఊదు. బీడీలు తాగి తాగి ఊపిరి లేదా ఏంది?"

తాతయ్య ఊదాడు. ఆకుల మీది బూడిద లేచి ఆయన మీసాల మీదే పడింది. కింద ఆకు పచ్చగా, శుభ్రంగా ఉంది. అది ఎక్కడి ఆకో నాయనమ్మ చెప్పింది. బట్టీ గోడకు ఆనుకున్న చెట్టు ఆకని తెలియగానే తాతయ్య నావైపు ఉరిమి చూశాడు. నేను నాయనమ్మ వెనక్కి జరిగాను. ఆమె కొంగు ముడి విప్పి నిమ్మాకు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "ఇప్పుడు గిది ఊదు" అంది. ఊదాడు. మళ్ళీ ఊదాడు. రవ్వంత నలుపు కూడా కదలలేదు.

అప్పుడు నాయనమ్మ ఆ ఆకును వెనక్కి తిప్పింది. నడిమి ఈనె పొడవునా కందిపొట్టు అతికించినట్టు గోధుమ రంగు బొడిపెలు. అవి చెట్టుకు పుట్టుకతో వచ్చే కంతులే అన్నాడు తాతయ్య. నాయనమ్మ గోరుతో ఒకదాన్ని గిల్లింది. ఊడి వచ్చింది, అడుగున తడి.

"కంతయితె ఊడుతదా? గిది పురుగు."

"పురుగయితె పాకదా మరి?"

"గిది కూసున్నకాడ కూసోని తినే పురుగు. నీ లెక్క."

నాకు నవ్వు ఆగలేదు. తాతయ్య నవ్వలేదు. నాయనమ్మ ఆయనను చెట్టు దగ్గరికి తీసుకుపోయి దీపం పట్టి మొదలు చూపించింది. చీమల బారు ఒకటి కిటికీ లోంచి వచ్చి పెంకు మీదుగా కొమ్మల్లోకి పోతోంది. "గోడ అవుతల బెల్లం కుప్పలున్నయి. గవి ఇడిసిపెట్టి నీ సెట్టు మీదికెందుకొచ్చినయి సీమలు?" అని అడిగింది.

తాతయ్య ఇంకో ఆకు తిప్పాడు, దాని వెనకా అవే బొడిపెలు. ఇప్పుడు దాన్ని పొలుసు పురుగు అంటారని నాకు తెలుసు. ఆకు వెనక అతుక్కుని రసం పీల్చి, తియ్యటి జిగురు విసర్జిస్తుంది. ఆ జిగురు కింది ఆకుల మీద పడుతుంది, దాని మీద మసి బూజు పెరుగుతుంది. తీపి కోసం చీమలు వచ్చి, ఆ పురుగును తినే పురుగులను దగ్గరికి రానివ్వవు. మనకు కంటికి కనపడే నలుపు అన్నిటికంటే చివర వచ్చేది. నాయనమ్మకు ఇన్ని మాటలు తెలియవు. "ఉరుము ఉరిమి మంగలం మీద వడ్డదంటరు. నీ మంగలంకెల్లి లేసిన ఉరుము పక్కింటోని మీద వడ్డది" అని మాత్రం అంది. ఆ తరవాత, చిచ్చా గాలి తిరిగినప్పుడల్లా మంట ఆర్పేయిస్తున్న సంగతి చెప్పింది.

తాతయ్య ఆ ఆకును కింద పెట్టాడు. తరవాత తువ్వాల భుజాన వేసుకుని బయటికి నడిచాడు. నేను వెనకాలే పరుగెత్తాను. చిచ్చా ఆరిన బట్టీ పక్కన, చెరకు కుప్ప మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి ఎదురొచ్చాడు.

"కాకా, సెట్టెట్లున్నది? ఎండలేదు గద?" అన్నాడు.

మొదట అడిగింది చెట్టు సంగతి. తాతయ్య కళ్ళలో నీళ్ళు నేను చూసింది ఆ ఒక్కసారే. వంగి, రెండు చేతులనిండా చెరకు పిప్పి ఎత్తి బట్టీ నోట్లో వేశాడు. "ముట్టియ్యి బిడ్డా. సెరుకు ఎండుతున్నది" అన్నాడు. చిచ్చా బట్టీ ముట్టించాడు. గాలి మా ఇంటి వైపే వీస్తోంది.

మర్నాటి నుంచి చెట్టుకు వైద్యం మొదలైంది. కుంకుడు రసం నురగ తీసి, పాత పంచె ముక్క ముంచి, ఒక్కో ఆకునూ పైనా కిందా తుడిచాము. నా వేళ్ళు సన్నవని వెనక వైపు పని నాకిచ్చారు. ఆ రసం పెంకులోకి దిగితే వేర్లకు చెరుపని మట్టి మీద బట్ట కప్పాము. కొమ్మల మీది బొడిపెలను వేప పుల్లకు గుడ్డ చుట్టి గీకాము. మరీ చెడిపోయిన రెమ్మలను తాతయ్యే కత్తిరించి పొయ్యిలో వేశాడు. ఆ పూట కత్తెర కోసం నాయనమ్మ పోట్లాడలేదు. బీడీల దగ్గర రాలిన తంబాకు పొడి నానబెట్టి, వడగట్టి, ఎండ దిగాక చల్లాము. నేను ఇప్పుడు ఆ నీళ్ళు వాడను, అది మనిషికీ విషమే. వేప నూనె చాలు. చీమల కోసం పళ్ళెంలో నీళ్ళు పోసి, నడుమ ఇటుక పెట్టి, దాని మీద పెంకు పెట్టాము. మా ఇళ్ళలో బెల్లం కుండను అలాగే కాపాడతాము. వారం తిరిగేసరికి ధూళి లాంటి పిల్ల పురుగులు మళ్ళీ కనపడ్డాయి, మళ్ళీ తుడిచాము. ఒక్కసారితో పోయే రకం కాదు అది. నల్లబడ్డ ఆకులు రాలాక, చిగురు లేతగా, మెరుస్తూ వచ్చింది.

అంతలో పెళ్ళి కూడా వచ్చింది. నేను ఆపా పక్కనే కూర్చున్నాను. బట్టీ గోడ గోరింటాకే రుబ్బి పెట్టారు, నా చేతులు ఆమె చేతుల కంటే ఎర్రగా పండాయి. మా తాతయ్య పొద్దుట నుంచి వాకిట్లో నిలబడి వచ్చినవాళ్ళ మీద పన్నీరు చల్లాడు. చిచ్చా తనకు కొడుకు లాంటివాడని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాడు. ఆ తరవాత గిన్నె నిమ్మకు అంటు కట్టి ఆపాకు ఒకటి ఇచ్చాడు. ఆపా చెట్టుకు కట్టిన అంటు ఒకటి ఇప్పుడు అదే నిజామాబాద్‌లో మా డాబా మీద ఉంది.

ఆ రోజు నుంచి నాకొక అలవాటు అంటుకుంది. ఎవరైనా ఎవరి గురించైనా ఫిర్యాదు మోసుకొస్తే, నా బొటనవేలూ చూపుడువేలూ ఆకు తిప్పినట్టు తిరుగుతాయి. నాకు తెలియకుండానే జరుగుతుంది. మా మనవరాలు దాన్ని చూసి అనుకరిస్తుంది కూడా. మొన్న మా కోడలు డాబా మీద నుంచి విసవిసా దిగివచ్చింది. పక్కింటి వాళ్ళు గోడలు కూల్చి మళ్ళీ కడుతున్నారు, ఆ దుమ్ముకు చెట్టంతా నల్లబడిందట, పోయి నాలుగు మాటలు అడిగి వస్తానంది. చెప్పులు కూడా తొడుక్కుంది. నేను మోకాళ్ళ నొప్పితోనే మెట్లెక్కాను. ఒక ఆకు తెంపుకొచ్చి ఆమె అరచేతిలో పెట్టాను.

"పోదువు గాని, ముందు ఊదు" అన్నాను.